పది రోజులకు మళ్ళీ రావాలి

మధ్యాహ్నం రెండు దాటాక ఆసుపత్రి కాస్త ఊపిరి పీల్చుకునేది. పొద్దుటి ఓపీ అయిపోతుంది, సాయంత్రం ఓపీ నాలుగింటికి గానీ మొదలవదు. ఆ రెండు గంటలూ సిస్టరు తనకోసం దాచుకునేది. దాచుకుని చేసేదేమైనా ఉందా అంటే మళ్ళీ పనే. సిరంజీలు మరగబెట్టడం, దూది ఉండలు చుట్టడం, చివరగా టోకెన్లు తుడవడం.

టోకెన్లంటే వడ్రంగి చేసిచ్చిన చెక్క బిళ్ళలు. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చెక్కాడు. ఓపీ గది గుమ్మం పక్కన ఒక పలక బిగించి, ఇరవై మేకులు కొట్టి, వరసగా తగిలించాడు. వచ్చినవాళ్ళు బిళ్ళ తీసుకుని వరండా బల్ల మీద కూర్చోవాలి. సిస్టరు అంకె పిలిస్తే పరదా తప్పించుకుని లోపలికి రావాలి. వెళ్ళేటప్పుడు బిళ్ళ మళ్ళీ మేకుకి తగిలించాలి. ఆరేళ్ళలో ఒక్క బిళ్ళ పోలేదు. "ఇళ్ళల్లో చెంచాలు నిలవ్వు గానీ, ఇక్కడ చెక్కముక్కలు నిలిచాయి చూడు సిస్టరమ్మా" అని మెయిలక్క నవ్వేది.

మెయిలక్క ఆసుపత్రి ఆయా. ఆమె నడక మెయిలు బండి నడక. ఈ చివర పిలిస్తే ఆ చివర నుంచి పలుకు కంటే ముందు మనిషే వచ్చేది. అందుకే ఆ పేరు. సిస్టరు కంటే పదేళ్ళు పెద్ద. సిస్టరు ఆమెను "అక్కా" అనేది, ఆమె సిస్టరును "సిస్టరమ్మా" అనేది. ఇద్దరూ ఈ ఆసుపత్రి తలుపు తెరిచిన మొదటి రోజు నుంచీ ఉన్నవాళ్ళు.

ఆ రోజు మెయిలక్క నవ్వడం లేదు. మూడో నంబరు మంచం మీద ముక్కుకి గొట్టంతో పడుంది. మర్నాడు పది గంటలకి కొత్త కట్టడం ప్రారంభోత్సవం. పొద్దున్నే రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని కొత్త మెట్లు కడగడానికి వెళ్ళి, నాలుగో మెట్టు మీద గుండె పట్టుకుని కూలబడింది. బయట మూడు రోజులుగా వాన. పెద్దాసుపత్రికి వెళ్ళే దారి నీళ్ళలో ఉంది. ఉన్నది ఒక్కటే ఆక్సిజన్ సిలిండరు.

"ఇది పెట్టి ఉంచితే గట్టెక్కొచ్చు" అన్నాడు డాక్టరు. "తీస్తే అరగంట. అంతే."

సిస్టరు బిళ్ళలు తుడుస్తోంది గానీ చేతులే ఇక్కడున్నాయి. ఇరవై బిళ్ళలూ స్పిరిటు గుడ్డతో తుడిచి మేకులకి తగిలించింది. ఎందుకో లెక్కపెట్టింది కూడా. ఇరవై.

ఆసుపత్రి అంటే ఆరేళ్ళ కిందట మూతపడ్డ మిల్లు గోదాము. గోడల నిండా నూనె జిడ్డు, పైన రేకులు, రేకుల సందున పావురాలు. పేటవాళ్ళంతా తలా ఒక చెయ్యి వేశారు. వడ్రంగి సామాన్ల పెట్టెలు విప్పి ఎనిమిది మంచాలు చేశాడు. దర్జీ దుప్పట్లూ పరదాలూ కుట్టాడు. మెయిలక్క తొమ్మిది రోజులు మోకాళ్ళ మీద కూర్చుని ఆ నేల జిడ్డు గీకింది. అందరినీ కూడగట్టింది మాత్రం మాస్టారు. బడిలో పేటలో సగం మందికి అక్షరాలు దిద్దించినాయన. సిస్టరుకి కూడా ఆయనే దిద్దించాడు, బెత్తం పెట్టి మరీ. అందుకే ఆమె దస్తూరీ అచ్చం ఆయన దస్తూరీ. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో వాళ్ళకే తెలియదు. ఆసుపత్రికి ఆయనే ప్రెసిడెంటు. కాదనడానికి ఎవరికీ నోరు లేదు, అప్పట్లో అవసరమూ లేదు.

తలుపులు తెరిచారు. ఒక్క పిట్ట రాలేదు. ఆసుపత్రికి నడిచి వెళ్ళినవాడు నలుగురి భుజాల మీద తిరిగొస్తాడని పేటలో నమ్మకం. జ్వరమొస్తే ముసుగుతన్ని పడుకునేవాళ్ళు గానీ ఇటు తొంగి చూసేవాళ్ళు కాదు. చివరికి దర్జీయే మొదటి రోగిగా వచ్చాడు. "నేను కుట్టిన దుప్పటి ఎలా ఉందో పడుకుని చూద్దామని" అన్నాడు దగ్గుతూ. ఊపిరితిత్తులు అప్పటికే అయిపోయాయి. పదిహేడో రోజు మధ్యాహ్నం ఎగశ్వాస మొదలైంది.

మాస్టారు గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. "ఇతను ఈ గోడల మధ్య పోతే ఆసుపత్రీ పోతుంది అమ్మాయ్. రేపు బతకాల్సిన వందమందిని తలుచుకో. ఇంటికి వెళ్తానన్నాడని చెబుదాం."

ఆ వయసులో సిస్టరుకి ఆ మాట సబబుగానే తోచింది. సబబుగా తోచిందనే తర్వాత ఆరేళ్ళు ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండేది. దర్జీని చెరో రెక్కా పట్టి గేటు దాటించారు. గేటు బయట సిమెంటు బల్ల ఉంది. దాని మీద కూర్చోబెట్టారు. రిజిస్టరులో ఆమె రాసింది: కుదుటపడి నడిచి వెళ్ళారు. ఇంటికి పంపే చీటీ మీద నర్సు చదువులో నేర్చిన ప్రకారం ఇంకో ముక్క రాసింది: పది రోజులకు మళ్ళీ రావాలి. ఆ ముక్క లేకపోతే చీటీ చీటీలా ఉండదని మాస్టారు కూడా అన్నాడు. చీటీ మడిచి దర్జీ చొక్కా జేబులో పెట్టింది.

"సిస్టరమ్మా, చలేస్తోంది" అన్నాడు దర్జీ. "లోపల పడుకోనా?"

ఆమె గేటు మూసి లోపలికి వచ్చేసింది. పొద్దు వాలకముందే ఆ బల్ల మీదే పోయాడు.

ఏడాది తిరిగేసరికి గుమ్మం మీదికి బోర్డు ఎక్కింది. 'ఈ గోడల మధ్య ఇంతవరకు ఒక్క ప్రాణం పోలేదు.' ఏటేటా మాస్టారు నిచ్చెనెక్కి కింద ఏళ్ళ అంకె మార్చేవాడు. బోర్డు చూసి జనం వచ్చారు, నిజంగానే వచ్చారు, నిజంగానే చాలామంది బతికారు. ఎనిమిది మంచాలు ఇరవై రెండయ్యాయి. పురుళ్ళ గది వచ్చింది, పరీక్షల గది వచ్చింది, ఇప్పుడు రెండంతస్తుల కొత్త కట్టడం. ఈ మధ్యలో గేటు బయటి బల్ల మీదికి ఇంకో పదిమంది వెళ్ళారు. ఇటుకల మేస్త్రీ వెళ్ళాడు. పాలమ్మే ముసలావిడ వెళ్ళింది. మూడు రోజుల పచ్చి బాలింత వెళ్ళింది, పసిబిడ్డ లోపల ఉయ్యాల్లో ఉండగా. ప్రతిసారీ నిర్ణయం మాస్టారిది, చీటీ సిస్టరుది. ఆయన చేతికి ఏనాడూ మట్టి అంటలేదు. పామూ చచ్చింది, కర్రా విరగలేదు. తడిగుడ్డతో గొంతు కొయ్యడంలో ఆయన పనితనం అలాంటిది.

సరిగ్గా రెండున్నరకి వరండాలో గొడుగు మూసిన చప్పుడైంది.

మాస్టారు నేరుగా మూడో మంచం దగ్గరికి వెళ్ళి ఒకసారి చూసి, ఓపీ గదిలోకి వచ్చాడు. వెనకే డాక్టరు. డాక్టరు చూపు నేల మీద ఉంది. ఆ చూపు చూడగానే సిస్టరుకి విషయం అర్థమైపోయింది.

"రేపు ముఖ్య అతిథి వస్తాడు. పత్రికలవాళ్ళు వస్తారు. బోర్డు ఫొటో తీస్తారు" అన్నాడు మాస్టారు, బడిలో పాఠం చెప్పినంత నిదానంగా. "నాలుగింటిలోపు చీటీ రాసెయ్యి. కుర్చీ బండి సిద్ధంగా ఉంది."

"ఎవరికి?"

"తెలిసి అడుగుతావేం?"

"తెలిసే అడుగుతున్నా. మీ నోటితో చెప్పండి మాస్టారూ. ఆ మనిషి పేరెత్తి చెప్పండి."

మాస్టారు గొడుగు కొనతో నేల మీద గీతలు గీశాడు.

సిస్టరు డాక్టరు వైపు తిరిగింది. "బతుకుతుందని మీరే కదా అన్నారు?"

"బతకొచ్చు అన్నాను. బతక్కపోవచ్చు కూడా." గొంతు సవరించుకున్నాడు. "సంతకం మీదే కదా సిస్టర్. పద్ధతి అదే కదా."

ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది. "తొమ్మిది రోజులు మోకాళ్ళ మీద ఈ నేల గీకింది ఆ మనిషి. మీరిద్దరూ బూట్లేసుకుని నిలబడ్డారే, ఆ నేలే. దాని మీద పడుకునే హక్కు ఆమెకు లేదా? నీళ్ళు మోస్తూ పడిపోయింది. మీ పండగకి నీళ్ళు మోస్తూ!"

"అరవకు అమ్మాయ్. రోగులు లేస్తారు" అన్నాడు మాస్టారు. నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. "ఇదివరకు పదకొండుసార్లు రాశావు. పన్నెండోసారి కొత్తగా చెయ్యి నొప్పెడుతోందా?"

ఆ దెబ్బ సూటిగా తగిలింది. ఇద్దరూ వార్డు వైపు వెళ్ళారు. "నాలుగు" అని మాస్టారు వెనక్కి తిరక్కుండానే గుర్తుచేశాడు.

అప్పుడే కరెంటు పోయింది.

రేకుల మీద వాన ఉన్నట్టుండి పెద్దదైంది. మూడు గంటల వేళ, పట్టపగలు, కానీ గదిలో మునిమాపు చీకటి. పరదా ఊగుతోంది. దర్జీ కుట్టిన నీలం పరదా, ఆరేళ్ళు ఉతికి ఉతికి బూడిద రంగుకి తిరిగింది. సిస్టరు అలమర నుంచి రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఏం చెయ్యాలో తెలియలేదు. సంతకం పెట్టనంటే మాస్టారు తన చేత్తోనే రాసుకుంటాడు. దస్తూరీ ఒకటే కదా. ఎవరు కనిపెడతారు?

వానలో ఏదో వాసన కలిసింది. మొదట స్పిరిటు అనుకుంది. కాదు. కుట్టు మిషనుకి వేసే నూనె. దాని వెనక ఇటుక బట్టీ మసి. దాని వెనక పచ్చి పాలు, పురుటి గదిలో వచ్చే తియ్యటి, ముక్కిన వాసన...

ఆమె తలెత్తింది.

గుమ్మం పక్కన పలక మీద మొదటి మేకు ఖాళీగా ఉంది. రెండోది ఖాళీ. మూడోది ఖాళీ. ఆమె లేచి దగ్గరికి వెళ్ళి వేలితో ఒక్కో మేకూ తడిమింది. పన్నెండు మేకులు ఖాళీ. పదమూడు నుంచి ఇరవై దాకా బిళ్ళలు వేలాడుతున్నాయి, కదలకుండా. అరగంట కిందట తనే తగిలించింది. తనే లెక్కపెట్టింది.

పరదా కొంచెం తప్పించి వరండాలోకి చూసింది. ఎవరూ లేరు. గేటుకి తాళం పడి ఉంది. కాపలావాడు తన గదిలో ఉన్నాడు. వరండా బల్ల మాత్రం...

బల్ల మీద తడి. చిందిన వాన తడి కాదు. మనిషి కూర్చుని లేస్తే పడే తడి మచ్చ. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. వరసగా, ఎడం పాటించి, ఓపీలో కూర్చున్నట్టు. లెక్కపెట్టింది. పదకొండు. చివర ఒక మనిషి పట్టేంత పొడి చోటు మిగిలి ఉంది.

పన్నెండో బిళ్ళ ఎవరిదో ఆమెకు తట్టింది. మూడో మంచం. అక్క.

"ఇవ్వను" అంది పైకే. "ఆమెను ఇవ్వను."

వెనక్కి వచ్చి కుర్చీలో పడింది. పరదా అవతల ఎవరో దగ్గారు.

పొడి దగ్గు. రెండుసార్లు, ఆగి మూడోసారి. ఆ దగ్గు పదిహేడు రోజులు విన్నది. పరదా అంచు కింద రెండు పాదాలు కనిపించాయి. తడిసి ముడతలు పడ్డ తెల్లటి పాదాలు. వేళ్ళు గది వైపుకి తిరిగి ఉన్నాయి.

"సిస్టరమ్మా..." గుసగుసగా వినిపించింది. "ఒకటో నంబరు పిలవలేదు."

పారిపోదామనుకుంది. గదికి ఉన్నది ఒక్క గుమ్మం. అది వాళ్ళ దగ్గర ఉంది.

"ఏం... ఏం కావాలి?"

"పది రోజులకు రమ్మన్నారుగా."

"ఆరేళ్ళయింది..."

"ప్రతి పది రోజులకీ వస్తూనే ఉన్నాను." కోపం లేదు ఆ గొంతులో. "మీరే పిలవడం లేదు."

ఏళ్ళ తరబడి పడ్డ అలవాటు చావు ఎదురొచ్చి నిలబడ్డా మనిషిని వదలదు కాబోలు. ఎదురుగా రోగి నిలబడితే అడిగే మాటే ఆమె నోట వచ్చింది. "ఒళ్ళెలా ఉంది?"

"చలేస్తోంది. లోపల పడుకోనా?"

ఆమె ఏడ్చింది. భయంతో కాదు. ఇన్నేళ్ళూ మింగలేక కక్కలేక పెట్టుకున్నది ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. రిజిస్టరు తెరిచి మొదటి పేజీకి తిప్పింది. 'కుదుటపడి నడిచి వెళ్ళారు' అన్న ముక్క మీద కలం పెట్టి, కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసింది. పక్కన రాసింది: చనిపోయారు. గేటు బయట, సిమెంటు బల్ల మీద. పంపింది ఆసుపత్రి. సంతకం పెట్టింది నేను.

టక్.

మేకుకి బిళ్ళ తగిలించిన చప్పుడు. పరదా కింద పాదాలు లేవు. నేల మీద తడి ఉంది.

"రెండు" అని పిలిచింది సిస్టరు.

ఇటుకల మసి వాసన గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆమె పేజీ తిప్పింది, కొట్టేసింది, రాసింది. టక్. మూడు. చిన్న పాదాలు, పసుపు పాలిపోయిన గోళ్ళు, పచ్చి పాల వాసన.

"పాప తాగిందా సిస్టరమ్మా?"

కలం ఆగిపోయింది. "తాగింది తల్లీ. నాలుగేళ్ళొచ్చాయి. వీధంతా దానిదే ఇప్పుడు."

"లోపల ఏడుస్తుంటే వినిపించింది. గేటు తియ్యలేదు..."

పళ్ళు బిగించి, సిస్టరు ఆమె వరస కొట్టేసి అదే వాక్యం రాసింది. టక్.

"ఏం రాస్తున్నావ్?"

మాస్టారు. పరదా విసురుగా తోసుకుని వచ్చి, గొడుగు బల్లకి ఆనించి, రిజిస్టరు లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. చదువుతున్నకొద్దీ ఆయన మొహం రంగు మారింది.

"మతి గానీ పోయిందా? దీంతో మనమంతా జైల్లో కూర్చుంటాం. రేపొద్దున ఒక్కడు గడప తొక్కడు. ఆరేళ్ళ కష్టం..."

"ఎవరి కష్టం?" సిస్టరు లేచి నిలబడింది. ఆ రోజు వరకు ఆయన ముందు ఆమె ఏనాడూ గొంతెత్తి ఎరగదు. "దర్జీ పరదాలు కుట్టాడు, వాణ్ణి చలిలో పెట్టాం. అక్క నేల గీకింది, దాన్నీ పెడదామంటున్నారు. కట్టినవాళ్ళందరినీ బయటికి తోసి, బోర్డు మాత్రం లోపల పెట్టుకున్నారు. మీకు ఆసుపత్రి అక్కర్లేదు మాస్టారూ, మీకు బోర్డు కావాలి. వాళ్ళంతా వరండాలో కూర్చున్నారు. వెళ్ళి చెప్పండి మీ కష్టం!"

"ఎవరు కూర్చున్నారు? బల్ల ఖాళీగా ఉంది." రిజిస్టరు బల్ల మీద పడేశాడు. "నీ సంతకం లేకపోతే పని ఆగుతుందా? నేను రాసుకోలేనా? ఆ కుర్చీ బండి నేనే తోస్తాను."

విసురుగా పరదా అవతలికి వెళ్ళాడు.

అడుగులు రెండు. మూడోది పడలేదు.

"ఎవరది?" అన్నాడు మాస్టారు.

వాన. రేకుల మీద వాన తప్ప ఏమీ లేదు.

"జరగండి... దారివ్వండి..."

సిస్టరు పరదా వైపు చూస్తూ నిలబడింది. గుడ్డకి అవతల ఆయన నీడ ఒక్కటే ఉండాలి. గుడ్డ నిండా నీడలు.

"నాకు అక్కర్లేదు..." ఆయన గొంతు సన్నబడింది. బెత్తం ముందు చెయ్యి చాపిన పిల్లాడి గొంతు. "నేను... నేను టోకెను తీసుకోలేదు..."

తర్వాత ఏమీ వినిపించలేదు.

ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకు తెలియదు. మళ్ళీ కుర్చీలో కూర్చుంది. మధ్యలో ఆపితే మళ్ళీ రాయగలిగే ధైర్యం రాదని తెలుసు. "నాలుగు" అంది. టక్. ఐదు. ఆరు. ఒక్కొక్కరికీ రాసింది. ఎవరికీ 'మళ్ళీ రావాలి' అని రాయలేదు. పదకొండో బిళ్ళ మేకుకి తగిలాక వాసనలన్నీ ఒక్కసారిగా పోయాయి, వాన వాసన ఒక్కటే మిగిలింది.

పన్నెండో మేకు ఖాళీగానే ఉంది.

వార్డుకి పరుగెత్తింది. డాక్టరు మూడో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, సిలిండరు మీటరు కేసి చూస్తున్నాడు. గొట్టం ముక్కుకే ఉంది. మెయిలక్క ఛాతీ ఎగసి పడుతోంది, నిదానంగా, వరసగా. పెదాల నీలం తగ్గింది.

"తియ్యలేకపోయాను సిస్టర్" అన్నాడు డాక్టరు తలెత్తకుండా. "మాస్టారొస్తే తిట్టనీ."

మాస్టారు రాలేదు. సిస్టరు వరండా దాటి వానలో గేటు దగ్గరికి వెళ్ళింది. కాపలావాడు తాళం వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పుడే వెళ్ళారు సిస్టరమ్మా. గొడుగైనా లేకుండా. చుట్టూ పదిమంది పట్టుకుని నడిపిస్తున్నారు, ఒంట్లో బాగోలేదేమో." తాళం ఒకసారి లాగి చూశాడు. "గేటు తీసింది మాత్రం నేను కాదు."

సిమెంటు బల్ల మీద ఎవరూ లేరు.

ఓపీ గదికి తిరిగొచ్చేసరికి గొడుగు అక్కడే ఉంది, కింద చిన్న నీటి మడుగుతో. రిజిస్టరు ఆ రోజు పేజీ తెరిచి ఉంది. ఆమె ఆ పేజీ తెరవలేదు. ఆఖరి వరసలో మాస్టారి పేరు, పూర్తి పేరు, ఇంకా ఆరని సిరాతో. పక్కన గుండ్రటి అక్షరాలు: కుదుటపడి నడిచి వెళ్ళారు. పది రోజులకు మళ్ళీ రావాలి.

అది తన దస్తూరీయే. లేకపోతే ఆయనది.

ఆయన కోసం కాలవలు వెతికారు, తూములు వెతికారు, దొరకలేదు. మర్నాడు ముఖ్య అతిథి వచ్చి ఖాళీ గోడ కింద ఫొటో దిగి వెళ్ళాడు. ఎందుకంటే తెల్లారగానే సిస్టరు వడ్రంగిని పిలిచి బోర్డు పీకించింది. రిజిస్టరు తీసుకుని పదకొండు ఇళ్ళకీ తనే వెళ్ళింది. తలుపులు మొహాన వేశారు, దుమ్మెత్తి పోశారు. దర్జీ భార్య చెంప పగలగొట్టింది. సిస్టరు ఇంకో చెంప మీద కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గొడవ పోలీసుల దాకా వెళ్ళింది. ఇక పేటలో ఎవరూ గడప తొక్కరని డాక్టరు అన్నాడు. వారం తిరక్కుండా జ్వరాల కాలం మొదలైంది. జనం వచ్చారు. గుమ్మంలో నిలబడి ఇంత తిట్టి, బిళ్ళ తీసుకుని, బల్ల మీద కూర్చున్నారు.

ఏడో రోజుకి మెయిలక్క లేచి కూర్చుంది. ముందు గంజి అడిగింది, తర్వాత చీపురు అడిగింది. చివర్లో, ఎవరూ లేనప్పుడు, సిస్టరు చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు దర్జీ వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు సిస్టరమ్మా. నేనూ వస్తానన్నా. నువ్వు రాకక్కా, బల్ల మీద చోటు నీది కాదు అన్నాడు."

పదో రోజు వాన లేదు. ఎండ కాస్తోంది. నాలుగింటికి వరండా నిండింది. పన్నెండో బిళ్ళ లేదన్న సంగతికి అందరూ అలవాటు పడ్డారు, పదకొండు తర్వాత పదమూడు తీసుకుంటున్నారు. బల్ల చివర ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. ఎందుకు వదిలారని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ చోటు తడిగా ఉంది.

పదకొండో నంబరు చూపించుకుని వెళ్ళిపోయింది. పరదా ఊగి ఆగింది. దాని కింద రెండు పాదాలు.

"అమ్మాయ్..." గుసగుసగా. "పన్నెండు పిలవలేదు."

సిస్టరు కదల్లేదు.

"చలేస్తోంది అమ్మాయ్. లోపలికి..."

రిజిస్టరు ఎదురుగానే ఉంది. కలం చేతిలో ఉంది. ఒక్క వరస కొట్టేసి, ఒక్క ముక్క రాస్తే చాలు. ఆమెకు తెలుసు. పదకొండు సార్లు చేసింది కదా. మూడు రోజుల బాలింత గుర్తొచ్చింది. లోపల బిడ్డ ఏడుస్తుంటే వింటూ, తియ్యని గేటు కేసి చూస్తూ కూర్చున్న మనిషి. ఆమె ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది. ఆ మంట చల్లారుతుందని ఆమె అనుకోలేదు, చల్లార్చుకోవాలనీ అనుకోలేదు.

కలానికి మూత పెట్టింది.

"కూర్చోండి మాస్టారూ" అంది. "పిలుస్తాను."

పాదాలు కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత లేవు. సిస్టరు గొంతు సవరించుకుని, మామూలుగా, వరండా అంతా వినపడేలా పిలిచింది. "పదమూడు."

ఎవరూ లేవలేదు. జనం ఒకరి చేతిలో బిళ్ళ ఒకరు చూసుకున్నారు.

"నాది పద్నాలుగు సిస్టరమ్మా" అంది ముందున్న ముసలావిడ. "మేం వచ్చేసరికే పదమూడో మేకు ఖాళీగా ఉంది."

సిస్టరు చేతులు తుడుచుకునే గుడ్డ కోసం ఏప్రను జేబులో చెయ్యి పెట్టింది. జేబు అడుగున చెక్క బిళ్ళ తగిలింది. తడిగా ఉంది.